ఏకగ్రీవ బిస్కెట్టు

కొత్తరేవు పురపాలక సంఘం సభలో అరుపులు ఆగిపోవడానికి కారణం నా బిస్కెట్టు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సరుకు మనదైనప్పుడు మనదని చెప్పుకోకపోతే రేపు ఇంకొకడు తనదంటాడు.

నా పేరు గ్రంధి లింగేశ్వరరావు. బజారు వీధి మలుపులో న్యూ గ్రంధి బేకరీ నాది. ఓల్డ్ గ్రంధి బేకరీ అంటూ ఎప్పుడూ లేదు. బోర్డు మీద న్యూ అని కనబడితే, పాతది ఎక్కడో బాగా నడిచి ఉంటుంది, అందుకే ఇంకోటి పెట్టారని జనం వాళ్ళకు వాళ్ళే అనుకుంటారు. మనం ఒక్క అబద్ధం ఆడక్కర్లేదు. ఆ ఒక్క మాట వల్ల వచ్చినంత బేరం నాకు వెన్న వల్ల కూడా రాలేదు.

బజారు వీధి ఇరుకు. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెళ్ళేదాకా రెండోది నా కొట్టు ముందు ఆగాలి. ఆగిన ఆటోలో ఉన్నవాళ్ళకి ఎగ్ పఫ్ వాసన తగులుతుంది. తగిలినవాళ్ళలో సగం మంది దిగుతారు. కాబట్టి వీధి ఎంత ఇరుకైతే నాకు అంత లాభం. ఈ లెక్క తెలియని పెద్దలు ఏళ్ళ తరబడి ఆ వీధిని వెడల్పు చేయాలని చూస్తున్నారు.

ప్రతి సభలోనూ 'బజారు వీధి విస్తరణ' అనే అంశం వచ్చేది. ప్రతి సభలోనూ మా వార్డు సభ్యుడు పిల్లి వీరభద్రం గారు లేచి వీల్లేదని అరిచేవారు. ఎందుకు వీల్లేదని అవతలివాళ్ళు అరిచేవారు. కుర్చీలు గాల్లోకి లేచేవి, అంశం వాయిదా పడేది. నా కొట్టు నిలబడి ఉన్నది ఆ అరుపుల మీదే. అందుకే సభ రోజు పొద్దున్నే వీరభద్రం గారి గొంతుకి మిరియాల పాలు నేనే పంపేవాణ్ణి.

అలాంటి రోజుల్లో హేమచంద్ర గారు కమిషనర్‌గా వచ్చారు. చిన్న వయసు, ఎక్సర్‌సైజు చేసిన ఒళ్ళు. టీ ముట్టరు, వేడినీళ్ళలో నిమ్మకాయ పిండుకుంటారు. మెట్లు రెండేసి ఎక్కుతారు, పైన ఏ పనీ లేకపోయినా సరే. మొదటి సభలోనే ఆయన విరిగిన కుర్చీని చూశారు, బల్ల మీద మిరపకాయ బజ్జీలు చూశారు, రెంటికీ సంబంధం కట్టేశారు. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. మాంసకృత్తుల లోపము వలన సహనము, సహన లోపము వలన నిర్ణయము, నిర్ణయ లోపము వలన అభివృద్ధి కుంటుపడుచున్నందున, ఇకపై సభలో వడ్డించు ఫలహారము హై ప్రోటీన్ అయి ఉండవలెనని.

నన్ను పిలిపించారు.

"కాటేజ్ చీజ్‌తో కుకీస్ బేక్ చేయగలరా?" అని అడిగారు.

"తప్పకుండానండి" అన్నాను. పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు ముందు తప్పకుండా అనాలి, అదేమిటో తర్వాత కనుక్కోవాలి. "ఏటండీ అది?"

"పనీర్ బిస్కెట్."

మా ఓవెన్ మాస్టర్ అబ్బులు ఈ మాట విని, కూరలో వేసేదాన్ని ట్రేలో వేయమంటారేంటండీ అని గొణిగాడు. గొణుగుతూనే పని మొదలుపెట్టాడు. పనీర్‌ని గుడ్డలో కట్టి నీరంతా దించాడు. అరచేత్తో రుద్ది రుద్ది వెన్నలా చేశాడు. నెయ్యి, బెల్లంపొడి, యాలకులు, గోధుమపిండి కలిపి కాల్చాడు. ఆ బిస్కెట్టు నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది. అబ్బులు తాను చేసింది తాను తినే మనిషి కాదు. అలాంటివాడు చల్లారకుండానే రెండు తిన్నాడు.

ట్రే పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ అప్పటికే ప్రోటీన్ ప్రమాణాల ఉపసంఘం ఏర్పడింది. అందులో ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఒక టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు, వీధి దీపాల ఇంజినీరు ఉన్నారు. ఆ రోజు ఖాళీగా ఉన్నది వాళ్ళే. ముగ్గురూ తిన్నారు, మళ్ళీ తిన్నారు, ట్రే ఖాళీ చేసి తిరస్కరించారు.

"సదరు బిస్కెట్టు రుచిగా ఉన్నట్టు గమనించడమైనది" అన్నారు శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు, వేళ్ళు నాక్కుంటూ. "రుచి ఉన్న చోట కేలరీ ఉన్నట్టు భావించవలసి ఉంటుంది."

నెయ్యి తీసేయమన్నారు. తీసేశాం. బెల్లం వద్దన్నారు. మానేశాం. గోధుమపిండి దేనికన్నారు. బిస్కెట్టు బిస్కెట్టులా ఉండడానికండి అన్నాను. ఆ అవసరం ఉత్తర్వులో పేర్కొనలేదన్నారు. చివరికి పనీర్, పాలపొడి, సోయాపిండి మిగిలాయి. ఆ మూడింటినీ కలిపి కాలిస్తే వచ్చినదాన్ని టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు గారు గచ్చు మీద వేసి చూశారు. పగల్లేదు. చెప్పు కాలితో తొక్కి చూశారు. చెక్కు చెదరలేదు. దృఢముగా ఉన్నదని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఈసారి ఎవరూ రుచి చూడలేదు.

సభ రోజు ట్రేలు పట్టుకుని నేనే వెళ్ళాను. సభ్యులకి తలో బిస్కెట్టు, తలో గ్లాసు టీ. మా ఊరి మనిషికి బిస్కెట్టు చేతికిస్తే ముందు చేసే పని ఒకటే. అటూ ఇటూ చూస్తాడు, టీ ఎక్కడుందో కనుక్కుంటాడు, ముంచుతాడు. చంటిపిల్లల దగ్గర్నుంచి చైర్‌పర్సన్ దాకా అంతే. ముంచకుండా తింటే బిస్కెట్టుకే అవమానమన్నట్టు చూస్తారు.

అందరూ ముంచారు. మామూలు బిస్కెట్టు టీలో మెత్తబడుతుంది. ఇది వేడి తగిలేసరికి ఉబ్బింది. నోట్లోకి వెళ్ళాక పాలపొడి జిగురైంది, పనీర్ సాగింది. నాలుక వెళ్ళి అంగిట్లో అతుక్కుంది. సభ మొత్తం తలలు వంచి నమలడం మొదలుపెట్టింది. పైన ఫ్యాను కిర్రుమనడం కొన్నేళ్ళ తర్వాత వినబడిందని తర్వాత బంట్రోతు చెప్పాడు.

అజెండా చదివేది ఆఫీసు మేనేజరు సూర్యప్రకాశం గారు. ఆయనకి గ్యాస్ ట్రబుల్, టీ పడదు. బిస్కెట్టు ఉత్తిగానే కొరికి, మంచినీళ్ళు తాగి, చదవడం మొదలుపెట్టారు.

"మొదటి అంశము. ఎండిపోయిన మామిడి మొక్కలకు నీరు పోయుటకు ట్యాంకరు కొనుగోలు. సభ్యులకు అభ్యంతరము కలదా?" సభ నమిలింది. "లేదు కనుక ఏకగ్రీవముగా ఆమోదము."

కొండ మీదున్న వార్డుకి వరద సాయం పడవ ఒకటి మంజూరైంది. ఆ తర్వాతి అంశంలో ఆ పడవ కోసం కాలువ మంజూరైంది. చెత్త పోసే చోటుకి హరిత విహారం అని పేరు ఖాయమైంది. నేను ఖాళీ ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, ఈ వేగంతో అయితే మధ్యాహ్నానికి ఇంటికి పోవచ్చని లెక్క వేసుకుంటున్నాను. ఇంతలో బజారు వీధి విస్తరణ వచ్చింది.

వీరభద్రం గారు అలవాటుగా లేచారు. చెయ్యి ఎత్తారు, ఛాతీ విరిచారు, గొంతు నరాలు ఉబ్బాయి. నోట్లోంచి "మ్మ్" అని మాత్రం వచ్చింది.

"సంబంధిత వార్డు సభ్యులు నిలబడి ఊఁ అన్నారు. ఏకగ్రీవము" అని సూర్యప్రకాశం గారు రాసుకున్నారు.

నేను అరవబోయాను. బయటివాళ్ళు సభలో మాట్లాడరాదని బంట్రోతు నన్నూ నా ట్రేనీ బయటికి గెంటాడు. నా కొట్టుని నా బిస్కెట్టుతోనే కొట్టించుకున్నానని అప్పుడు తెలిసింది.

వీరభద్రం గారికి మాట రావడానికి అరగంట పట్టింది. "ఏం పెట్టావయ్యా బాబూ నోట్లో" అన్నారు, దవడ పట్టుకుని. "వీల్లేదు అందారనుకున్నాను. 'వీ' కూడా పెగల్లేదు."

ఇంటికొచ్చి ఆలోచించాను. సభంతా మూగబోతే మేనేజరు గారు ఎలా చదివారు? కమిషనర్ గారు నిమ్మనీళ్ళు తాగుతూ చివర్లో ఉపన్యాసం ఎలా ఇచ్చారు? ఈ ఇద్దరూ టీలో ముంచలేదు. అంతే తేడా. అయినా రుజువు చూసుకోకుండా నమ్మడం మన పద్ధతి కాదు. మా ఆవిడ కాంతమణి అప్పుడు నన్ను తిడుతోంది. కొట్టు పోతోందని కాదు, పోతుందని తను ఎప్పుడో చెప్పినా వినలేదని. ఒక గ్లాసు కాఫీ, ఒక బిస్కెట్టు ఆవిడ ముందు పెట్టాను. తిడుతూనే ముంచింది, తిడుతూనే కొరికింది. 'మీకు బుద్ధి' దాకా వచ్చి మాట ఆగిపోయింది. మిగతాది కళ్ళతో తిట్టింది. నేను మాత్రం ఒకటి ఉత్తిగా కొరికి, చన్నీళ్ళు తాగి, శుభ్రంగా మాట్లాడాను. రహస్యం దొరికింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. సరుకులో ఉన్న లోపం మనకొక్కరికే తెలిస్తే అది లోపం కాదు, పెట్టుబడి.

కమిషనర్ గారికి మాత్రం ఈ టీ సంగతి తట్టలేదు. ప్రోటీన్ వల్ల సభ్యులలో క్రమశిక్షణ పెరిగిందని పైకి రాశారు. పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. దాంతో సోమవారం ఫిర్యాదుల దినానికి కూడా బిస్కెట్లు పెట్టమన్నారు. వరసలో నిలబడ్డ ప్రతి అర్జీదారుకీ ఒక బిస్కెట్టు, ఒక టీ. కుళాయి రావడం లేదని వచ్చినవాడు, పింఛను ఆగిందని వచ్చిన ముసలమ్మ, అందరూ ముంచారు. కౌంటరు దగ్గరికి వచ్చేసరికి "చెప్పండి" అని గుమాస్తా అడిగేవాడు. వీళ్ళు చేతులు ఊపేవారు. సమస్య పరిష్కరించబడినది అని ముద్ర పడేది. ఆ నెల కొత్తరేవులో ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదు. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి చూసిపోయారు, వెళ్ళేటప్పుడు డబ్బాలు కొనుక్కుపోయారు.

నా ఓవెన్ చల్లారడం మానేసింది. అలాంటి ఓవెన్ మీద ఒకరోజు టౌన్ ప్లానింగ్ వాళ్ళు వచ్చి విస్తరణ కోసం ఎర్ర రంగుతో అడ్డగీత గీసి వెళ్ళారు. గీతకి ఇవతల సగం నాది, అవతల సగం రోడ్డుది. అబ్బులు ట్రే ఇవతలినుంచి తోస్తే బిస్కెట్టు కాలేది రోడ్డులో.

కమిషనర్ గారి దగ్గరికి పరిగెత్తాను. "అయ్యా, తమకి బిస్కెట్లు కాల్చేది ఆ ఓవెన్లోనేనండి. అది కొట్టేస్తే సరఫరా ఎలాగండి?"

"బిస్కెట్ న్యూట్రిషన్ వింగ్ పరిధి. ఓవెన్ టౌన్ ప్లానింగ్ పరిధి" అన్నారాయన. "రెండింటినీ కలిపి చూడడం పాతకాలపు ఆలోచన. అభ్యంతరం ఉంటే సోమవారం రండి."

సోమవారం వెళ్ళాను. వరసలో నాకూ బిస్కెట్టు ఇచ్చారు. ఉత్తిగా తిని, నీళ్ళు తాగి, కౌంటరు దగ్గర నోరు తెరిచి మాట్లాడాను. గుమాస్తా కుర్చీలో వెనక్కి జరిగాడు. అర్జీదారు గొంతు విని అతనికి చాలా రోజులైంది.

"ఫిర్యాదు రాసే కాలమ్ తీసేశామండి" అన్నాడు, పాపం, నొచ్చుకుంటూనే. "వాడకం లేదు కదాని. అయినా ఇది సభ ఏకగ్రీవంగా చేసింది. మళ్ళీ సభే ఏకగ్రీవంగా రద్దు చేయాలి."

ఏకగ్రీవం తయారుచేసేది నేను. కొనుక్కోవడానికి ఇంకెక్కడికో పోవడం దేనికి? తిన్నగా వీరభద్రం గారింటికి వెళ్ళి, విస్తరణ రద్దు చేయాలని ఒక అంశం ఇవ్వమన్నాను. ఆయన భయపడ్డారు.

"అవతలివాళ్ళు ఊరుకుంటారేటి? కుర్చీలెత్తరూ?"

"ఎవరూ నోరెత్తరండి. ఆ పూచీ నాది. మీరు మాత్రం టీ ముట్టుకోవద్దు."

"బిస్కెట్టు?"

"ఉత్తిగా తినండి. లేపోతే జేబులో వేసుకోండి."

టీ లేకుండా బిస్కెట్టు ఎలా తింటారయ్యా అని ఆయన చాలాసేపు బాధపడ్డారు. వార్డు కోసం ఒప్పుకున్నారు.

ఆ సభకి నేను చేసిన ఏర్పాట్లు పెళ్ళికి కూడా చేయలేదు. అంతకుముందు సభలో ఒకరిద్దరు గ్లాసు మూతి సన్నమై బిస్కెట్టు మునగక, అంచు తడిపి వదిలేశారు. ఈసారి వెడల్పు మూతి గ్లాసులు అద్దెకి తెచ్చాను. టీ పొగలు కక్కేలా కాయించి, అల్లం బాగా దంచి వేయించాను. అల్లం వాసన వస్తే చెయ్యి దానంతట అదే ముంచుతుంది. బిస్కెట్టులో పాలపొడి ఇంకొంచెం పెంచమని అబ్బులుకి చెప్పాను.

"ఇంకా పెంచితే మనుషులు తినేది కాదండీ, అద్దాలు అతికించేది" అన్నాడు.

"అదే కావాలి" అన్నాను.

ఈసారి నన్ను బయటికి గెంటలేదు. సన్మానం ఉందని కమిషనర్ గారు ముందు వరసలో కుర్చీ వేయించారు. పట్టు చొక్కా తొడుక్కుని కూర్చున్నాను. గ్లాసులు పంచారు. అందరూ ముంచారు. బిస్కెట్టు పూర్తిగా మునిగింది. మూడో నములుకే సభ బరువెక్కడం నేను కళ్ళారా చూశాను. ఒకాయన బుగ్గని బయటినుంచి వేలితో తోసుకుంటున్నాడు. చైర్‌పర్సన్ గారు కళ్ళు మూసుకున్నారు.

"బజారు వీధి విస్తరణ రద్దు" అని సూర్యప్రకాశం గారు చదివారు. "ప్రతిపాదించువారు?"

"నేనండి" అని వీరభద్రం గారు సభ అదిరేలా అరిచారు. ఆయనకి అలవాటు.

"అభ్యంతరము కలదా? లేదు కనుక ఏకగ్రీవముగా ఆమోదము."

అంతే. నా ఓవెన్ మొత్తం మళ్ళీ నాదైంది. ఏళ్ళ తరబడి అరుపులతో ఆపుకుంటూ వచ్చిన పని పాలపొడితో ఒక్క నిమిషంలో అయిపోయింది. కడుపు నిండిపోయినట్టయింది.

అప్పుడే కమిషనర్ గారు లేచారు. సభలో భిన్నాభిప్రాయాన్ని ఆహారం ద్వారా జయించిన వ్యాపారవేత్త అని నా గురించి చెప్పారు. శాలువా కప్పారు. స్వయంగా ఆయన చేత్తో ఒక గ్లాసు టీ, ఒక బిస్కెట్టు అందించారు. పెద్దవాళ్ళు చేతికిచ్చింది పక్కన పెట్టకూడదు కదా. నేను శాలువా అంచు చూస్తున్నాను, అసలు జరీయేనా కాదా అని. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ బిస్కెట్టుని టీలో ముంచుతూ వచ్చిన నా కుడిచెయ్యి ఈసారి కూడా నన్ను అడగలేదు. ముంచింది. నోట్లో పెట్టింది. అల్లం ఘాటు తగిలాకగానీ నాకు తెలియలేదు.

"చివరిగా ఒక టేబుల్ ఐటమ్" అన్నారు కమిషనర్ గారు. ముందుగా అజెండాలో లేకుండా అప్పటికప్పుడు బల్ల మీద పెట్టేదాన్ని అలా అంటారు.

సూర్యప్రకాశం గారు చదివారు. "రద్దు వలన నిలిచిన న్యూ గ్రంధి బేకరీ ప్రాంగణమును పురపాలక ప్రోటీన్ కేంద్రముగా ప్రకటించుట. సదరు ప్రాంగణమున ఇకపై పనీర్ బిస్కెట్టు తప్ప ఎగ్ పఫ్, దిల్‌పసంద్, క్రీమ్ బన్ను ఆదిగా గల ఏ ఇతర పదార్థములను కాల్చరాదు, అమ్మరాదు, వాసన రానీయరాదు. యజమాని సభలోనే ఉన్నారు. వారికి అభ్యంతరము ఉన్న ఎడల తెలుపవచ్చును."

ఉంది. నిండా ఉంది. గొంతుదాకా వచ్చి, అక్కడ పాలపొడి దగ్గర ఆగిపోయింది. నాలుకని వెనక్కి లాగాను, రాలేదు. దవడ తెరిచాను, పనీర్ తీగలా సాగి మళ్ళీ మూసేసింది. వీరభద్రం గారి వైపు చూశాను. తన పని అయిపోయింది కదాని ఆయన కూడా హాయిగా ముంచుకున్నారు. నన్ను చూస్తూ నములుతున్నారు, కళ్ళలో జాలి ఉంది.

ఇక చేసేది లేక చెయ్యి ఎత్తాను. గట్టిగా, పైకంటా ఎత్తి ఊపాను.

"యజమాని హర్షము వ్యక్తం చేయుచు చేయెత్తి బలపరిచారు" అని సూర్యప్రకాశం గారు రాశారు. "ఏకగ్రీవము."

నోరు తెరుచుకునేసరికి సభ అయిపోయింది. బల్లలు తుడుస్తున్నారు. మళ్ళీ రద్దు చేయిద్దామంటే, ఇకమీదట అంశం ప్రతిపాదించేవారు కూడా టీతో సహా ఫలహారం స్వీకరించాకే లేవాలని కమిషనర్ గారు ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. వీరభద్రం గారు అరిచిన తీరు ఆయనకి నచ్చలేదు. ప్రోటీన్ తగ్గిందనుకున్నారు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. కాంతమణి ఈసారి తిట్టలేదు. "మరి అప్పుడు నోరు తెరవలేదా?" అని అడిగింది. ముంచానని చెప్పాను. "గోడలు మిగిలాయి కదా, పడుకోండి" అంది. ఆవిడ తిట్టకపోతే ఏదో లెక్క వేస్తోందని ఇన్నేళ్ళ కాపురంలో నేను నేర్చుకోవలసింది.

ఇప్పుడు నేను ప్రోటీన్ కేంద్రంలో కూర్చుంటున్నాను. న్యూ గ్రంధి బేకరీ అన్న మాట బోర్డు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఆటోలు ఆగుతాయి, కొత్తవాళ్ళు దిగుతారు, ఎగ్ పఫ్ అడుగుతారు. బిస్కెట్టు, టీ ఇస్తాను. ఇదేంటని ఇంతవరకూ ఒక్కరు కూడా నన్ను అడగలేదు.

అబ్బులు నా దగ్గర లేడు. వీధికి అటువైపు, సరిగ్గా నా కొట్టుకి ఎదురుగా, కాంతమణి తన పేరు మీద ఒక గది అద్దెకి తీసుకుని ఓవెన్ పెట్టించింది. అబ్బులు అందులో ఎగ్ పఫ్‌లు కాలుస్తున్నాడు. నెయ్యి, బెల్లం వేసి మొదటి రోజు చేసిన పనీర్ బిస్కెట్లు కూడా చేస్తున్నాడు, అవి సాయంత్రానికి మిగలవు. ఆటోలు ఏ వైపు ఆగినా జనం ఆ వైపే దిగుతున్నారు. నేను కూడా నాలుగింటికి వీధి దాటి వెళ్ళి ఒక పఫ్ తింటాను. మా ఆవిడ డబ్బులు తీసుకునే ఇస్తుంది.

కొట్టుకి ఏం పేరు పెడుతున్నావని ప్రారంభం రోజున అడిగాను. "మీ లెక్కేనండి" అని పైకి చూపించింది.

ఓల్డ్ గ్రంధి బేకరీ.

మొన్న పొరుగూరి నుంచి వచ్చిన ఇద్దరు అక్కడ పఫ్ తింటూ నా బోర్డు అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదువుతున్నారు. పాతది అంత బాగా నడిచింది కాబట్టే ఆ కొత్తది పెట్టి ఉంటారని ఒకడు రెండోవాడికి చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. నా నోట్లో పఫ్ తప్ప ఏమీ లేదు. అయినా కాదనలేదు.